రివాల్వర్‌ని ఫ్యాక్టరీకి పంపిన ఏడాది

ఆ మధ్యాహ్నం మా అత్త వంటింటి గడప పక్కన చాప పరుచుకుని, చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. ఆమె వెనకాల గోడకి ఆనించి స్టీలు బియ్యం డ్రమ్ము. నేను రొయ్యల గుంటల దగ్గరికి బయల్దేరుతూ, హాల్లో ఉన్న బీరువా పైఅరలోంచి తోలుసంచి తీస్తున్నాను. సంచి పట్టీ బీరువా తలుపు పిడికి తగులుకుంది. లాగాను. సంచి చేతిలోంచి జారి కింద గ్రానైట్ బండల మీద పడింది.

సంచిలో మా ఆయన రివాల్వర్ ఉంది. పడీ పడగానే పేలింది.

నాలుగు గోడల మధ్య ఆ శబ్దం ఎంత పెద్దదో నాకు అంతకుముందు తెలియదు. చెవుల్లో ఈల లాంటి మోత మొదలై, మిగతా లోకమంతా మూగబోయింది. సంచి మూల కాలి, అక్కడినుంచి సన్నగా పొగ లేస్తోంది. దీపావళి మర్నాడు వీధిలో వచ్చే వాసన. నేను అత్త వైపు చూశాను. ఆమె చేట ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుని ఉంది. ఆమె కుడిచెవికి జానెడు దూరంలో డ్రమ్ముకి గుండ్రంగా బొక్క పడింది. అందులోంచి బియ్యం ధారగా ఆమె భుజం మీదికి కారుతున్నాయి. ఆమె కదలడం లేదు. ఆ బియ్యం కింద తెల్ల రవికె మీద ఎరుపు కనిపిస్తుందేమోనని అక్కడే నిలబడి చూస్తూ ఉన్నాను. అడుగు ముందుకు వేస్తే అది నిజమైపోతుందేమోనన్నంత భయం.

కాసేపటికి ఆమె తల తిప్పింది. భుజం మీది బియ్యం దులుపుకుని, నా మొహం చూసి ఏదో అడిగింది. నాకు వినపడలేదు. పెదాలను బట్టి "కుక్కర్ పేలిందా అమ్మే?" అని అడిగినట్టు అర్థమైంది.

అప్పుడు వెళ్లి ఆమె పక్కన కూలబడ్డాను. తల, మెడ, వీపు, చేతులు అన్నీ తడిమాను. ఎక్కడా ఏమీ కాలేదు. నా చేతులు చల్లగా ఉన్నాయని విసుక్కుంది కూడా. ఆమెకి అప్పటికే చెవులు మందం. ఆ శబ్దం నాకు వినపడినంతగా ఆమెకి వినపడలేదేమో అని తర్వాత అనుకున్నాను.

సంచి మాత్రం హాలు మధ్యలో అలాగే పడి ఉంది. దాన్ని ముట్టుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు. ఒకసారి దానంతట అది పేలింది, ఇంకోసారి పేలదని ఎవరు చెప్పగలరు? అత్తని చెయ్యి పట్టుకుని పెరటి తలుపులోంచి బయటికి తీసుకెళ్లి, కొబ్బరిచెట్టు నీడలో కూర్చోబెట్టి, పక్కవీధిలో ఉండే మా మరిదికి ఫోన్ చేశాను. ఏం చెప్పానో గుర్తులేదు. అతను చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి, రివాల్వర్‌లోంచి మిగతా తూటాలు తీసేశాడు.

మాది ముత్తుకూరుకి తూర్పున, ఉప్పుకాలువ ఒడ్డున ఉన్న ఊరు. మా పుట్టినిల్లు కోవూరు దగ్గర. అక్కడ వరి తప్ప వేరే పంట ఎరగం. పెళ్లయి ఇక్కడికొచ్చాకే రొయ్యలు పెంచడం చూశాను. మా ఆయన గుంటలు తవ్వించిన కొత్తల్లో, దొంగతనంగా వలేసిన వాళ్లని అడ్డుకోబోయి తల మీద దెబ్బ తిన్నాడు. ఆ తర్వాతే రివాల్వర్‌కి లైసెన్సు పెట్టుకున్నాడు. కావలిలో ఒక రిటైరైన పెద్దమనిషి తన పాత రివాల్వర్ అమ్ముతున్నాడని తెలిసి, అన్ని అనుమతులతో అది కొన్నాడు. నల్లగా, బరువుగా, చెక్క పిడితో ఉండేది. ఆ పిడి మా ఆయన అరచేతిలో అరిగి నున్నగా అయింది. ఆయన దాన్ని ఒక్కసారి కూడా ఎవరి మీదా ఎత్తలేదు. నడుముకి ఉందని అందరికీ తెలిస్తే చాలు అనేవాడు.

ఆయన గుండెపోటుతో పోయాడు. గుంటగట్టు మీదే, మేత చల్లించి వస్తూ, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే. పోలీసులొచ్చి రివాల్వర్ స్టేషన్‌లో జమ చేసుకున్నారు. వారసురాలిగా లైసెన్సు నా పేరుకి మార్పించుకోమని మా మరిదే పట్టుబట్టాడు. కారణం పక్క గుంటలాయన.

ఆయనది మా ప్రాంతం కాదు. మా గుంటలకి ఆనుకుని ఉన్న గుంటలన్నీ లీజుకి తీసుకున్నాడు. ఉప్పుకాలువ నీళ్లు ఆయన గుంటలకి పోవాలంటే మా గట్టు చుట్టి పోవాలి. మావి కూడా కలిస్తే ఆయనకి ఆ తిప్పలు ఉండవు. మా ఆయన పెద్దకర్మ నాడు పరామర్శకని వచ్చి, భోజనం చేసి, చెయ్యి కడుక్కుంటూ గుంటలు లీజుకిస్తారా అని అడిగాడు. ఇవ్వనన్నాను. కొన్నాళ్లకి ఒక తెల్లవారి మేం వెళ్లేసరికి మా గట్టు తెగి ఉంది. గుంట నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్ల వైర్లు కోసేసి ఉన్నాయి. నీళ్లు దిగిపోయిన బురదలో రొయ్యలు కొట్టుకుంటున్నాయి. ఎవరు చేశారో మాకు తెలుసు, చూసిన వాళ్లు ఎవరూ లేరు.

అందుకే లైసెన్సు మార్పించుకున్నాను. పోలీసుల మైదానంలో నాకు కాల్చడం నేర్పారు. మొదటిసారి ట్రిగ్గర్ నొక్కినప్పుడు కళ్లు మూసుకున్నానని నవ్వారు. రివాల్వర్ ఇంటికొచ్చింది. నేను స్కూటీ మీద గుంటలకి వెళ్లేటప్పుడు సంచిలో వేసుకుని వెళ్లేదాన్ని. అది పక్కనుంటే భయం తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. బండి గతుకుల్లో ఎగిరినప్పుడల్లా ఒళ్లంతా బిగుసుకునేది. అంతకుముందు ఒక మనిషంటే భయం, ఇప్పుడు ఆ మనిషీ ఈ సంచీ రెండూ.

పేలిన రోజు సాయంత్రమే మా మరిది, నేను స్టేషన్‌కి వెళ్లి జరిగింది చెప్పాం. లైసెన్సు రద్దు చేస్తారేమో, కేసు పెడతారేమో అని దారంతా వణికాను. ఎస్సై మర్నాడు ఇంటికొచ్చి డ్రమ్ము చూశాడు. అత్త కూర్చున్న చోట తనూ గొంతుక్కూర్చుని, బొక్క వైపు తల తిప్పి చూసి లేచాడు. తర్వాత, ఉంచుకోదలచుకోకపోతే ఇప్పుడే సరెండర్ చెయ్యమన్నాడు. ఉంచుకునేట్టయితే ఆయుధాల డీలర్‌కి చూపించి, బాగుందని రాయించుకుని రమ్మన్నాడు.

నెల్లూరులో ఇనుప గ్రిల్లు వెనకాల ఉండే చిన్న దుకాణం అది. డీలర్ పెద్దవయసాయన. రివాల్వర్ తీసుకుని, చక్రం తిప్పి చూసి, బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి దాని మీద పెట్టాడు.

"మీ ఆయన ఇందులో ఎన్ని తూటాలు వేసేవాడమ్మా?" అని అడిగాడు.

"ఐదు."

"పేలిన రోజు ఎన్ని ఉండాయి?"

నాకు తెలియదు. మా మరిది కిందికి చూస్తూ చెప్పాడు. "ఆరు. స్టేషన్ నుంచి తెచ్చినాక నేనే వేసినాను. ఒక గది ఖాళీగా ఎందుకులే అని అన్నీ నింపినా."

డీలర్ రివాల్వర్‌ని గుడ్డ మీదే పక్కకి తిప్పాడు. వెనకనుండే సుత్తి లాంటి భాగాన్ని వేలితో చూపించాడు. దాన్ని హ్యామర్ అంటారు. ఆ కాలంలో చేసిన రివాల్వర్లలో హ్యామర్ దించి ఉన్నప్పుడు దాని మొన నేరుగా తూటా వెనక ఆనుకుని ఉంటుందట. గట్టి నేల మీద హ్యామర్ తగిలేట్టు పడితే సుత్తితో మేకుని కొట్టినట్టే. అందుకే తెలిసిన వాళ్లు ఆరు గదుల్లో ఒకటి ఖాళీగా వదిలి, ఆ ఖాళీ గది మీదే హ్యామర్ దించి ఉంచుతారు. మా ఆయన అన్నేళ్లూ చేసింది అదే. మాకెవరికీ చెప్పలేదు. చెప్పే అవసరం వస్తుందని అనుకుని ఉండడు.

మా మరిది బయటికి వెళ్లి రోడ్డు మీద నిలబడ్డాడు. అతని భుజాలు కదలడం గ్రిల్లు లోంచి నాకు కనిపించింది. బియ్యం డ్రమ్ము పక్కన కూర్చున్నది అతన్ని కన్న తల్లి.

డీలర్ నాకు రెండు దారులు చెప్పాడు. ఒకటి, ఇలాగే ఉంచుకుని ఎప్పుడూ ఐదే వేసుకోవడం. రెండోది, ఉత్తరాదిలో ఉన్న ఫ్యాక్టరీకి తిరిగి పంపడం. పాత మోడల్స్ పంపితే వాళ్లు లోపల కొత్త భాగం ఒకటి అమర్చి ఇస్తారు. ట్రిగ్గర్‌ని చివరిదాకా నొక్కితే తప్ప హ్యామర్ దెబ్బ తూటాకి చేరదు. కిందపడ్డా, దేనికైనా గుద్దుకున్నా పేలదు. తీసేసిన పాత భాగాలు విడిగా కవర్లో వేసి పంపిస్తారు. రవాణాకి అనుమతులు కావాలి, ఎన్ని నెలలు పడుతుందో చెప్పలేం. మార్చాక ట్రిగ్గర్ ముందులా తేలిగ్గా ఉండదు, కాస్త బిగువుగా ఉంటుంది. పాత వస్తువు పాతగానే ఉండాలనుకునే వాళ్లు పంపరు.

"మీరైతే ఏం చేస్తారు?" అని అడిగాను.

"నా ఇంట్లో ఉంటే పంపిస్తానమ్మా. కానీ నా ఇంటి మీదికి వచ్చేవాళ్లు ఎవరూ లేరు" అన్నాడు.

ఆలోచించుకుని చెప్తానని రివాల్వర్ ఖాళీగా తెచ్చుకున్నాం. నేర్చుకోవడానికని ఆయన మందు లేని డమ్మీ తూటాలు కొన్ని ఇచ్చాడు. అసలు తూటాలు అత్త ట్రంకుపెట్టెలో అడుగున పెట్టి తాళం వేశాను. రివాల్వర్ బీరువాలో, ఈసారి కింది అరలో, పాత దుప్పటిలో చుట్టి. అయినా బీరువా ముందునుంచి వెళ్లేటప్పుడు అత్తని గోడ వారగా నడిపించేదాన్ని. ఖాళీగా ఉందని నాకు తెలుసు. తెలిసి కూడా తీసి చూసేదాన్ని, చక్రం తిప్పి ఒక్కో గదిలోకి వెలుతురు కనిపించేదాకా. పెట్టేసి వంటింట్లోకి వెళ్లాక, నిజంగా చూశానా, లేక చూశాననుకున్నానా అని మళ్లీ వచ్చేదాన్ని.

మా అమ్మాయి కావలిలో చదువుకుంటోంది. ఫోన్ చేసి, దాన్ని పోలీసులకిచ్చెయ్యమ్మా అని ఏడ్చింది. గుంటలు పోతే పోయాయి, నానమ్మ పోతే ఎట్టా అంది. మా మరిది మాట వేరు. తన వల్ల జరిగిందన్న బాధ ఒకపక్క ఉన్నా, పంపడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఐదు వేసుకుంటే చాలని డీలరే చెప్పాడు కదా, పంపితే నెలల తరబడి మన దగ్గర ఉండదు, ఆ సంగతి పక్క గుంటలాయనకి తెలియకుండా ఉండదు అన్నాడు. అతని మాటా కొట్టిపారేసేది కాదు. ఇంకొకటి, నేను ఎవరికీ చెప్పనిది. ఆ పిడి మీద మా ఆయన చెయ్యి పడిన నునుపు ఉంది. ట్రిగ్గర్ మీద ఆయన వేలుండేది. ఎక్కడో ఎవరో దాన్ని విప్పి, లోపలి భాగాలు తీసి కవర్లో వేస్తారంటే మనసొప్పలేదు. ఆ వస్తువంటే ప్రాణాలు పోయేంత భయం. అయినా ఎవరైనా దాన్ని మారుస్తారంటే బాధ.

ఇలా తేల్చుకోలేకుండా ఉన్నప్పుడు పక్క గుంటలాయన ఇంటికొచ్చాడు. చేతిలో బత్తాయిల సంచి. వెంట ఇద్దరు మనుషులు, వాళ్లు గేటు దగ్గరే ఆగిపోయారు. అత్త ఆయన్ని కూర్చోమని మజ్జిగ ఇచ్చింది. ఇంటికొచ్చిన మనిషికి మజ్జిగ ఇవ్వకుండా ఉండటం ఆమెకి చేతకాదు.

"ఏమక్కా, ఇంట్లో పేలిందంట. పెద్దమ్మకేం కాలేదు గదా?" అన్నాడు.

ఏం కాలేదన్నాను. ఆయన కళ్లు వంటింటి వైపు వెళ్లాయి. డ్రమ్ము బొక్కకి రేకు ముక్క అతికించి ఉంది. మజ్జిగ తాగుతూ దాన్నే చూశాడు. గొంతు పెంచలేదు, నవ్వు చెరగలేదు.

"పాత సామాను ఇంట్లో పెట్టుకోకూడదక్కా. ఈపొద్దు డ్రమ్ముకి తగిలింది. రేపు బండి మీద పోతుండావు, గతుకులో పడతావు, అది పేల్తాది. అప్పుడు మాలాంటోళ్లం పక్కనున్నా మా మీదికే వస్తాది మాట. నీకెందుకు ఈ తిప్పలు? గుంటల సంగతి గూడా ఆలోచించు. నేనేం పరాయోణ్ణి కాదు."

గ్లాసు కింద పెట్టి, అత్తకి దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. బండి మీద పోతూ పేలుతుందన్న మాటని నేను రోజూ నాకు నేనే చెప్పుకుంటున్నాను. ఇప్పుడు అదే మాట ఆయన నోటి వెంట విన్నాను. నేను చస్తే దానికి కారణం కూడా సిద్ధంగా ఉందన్నమాట. ఎవరూ అడగరు. పాత రివాల్వర్, ఇంతకుముందు కూడా పేలింది, ఎస్సైకి కూడా తెలుసు.

ఆ బత్తాయిలు ఎవరం తినలేదు. గేదెలున్న వాళ్లింటికి పంపించేశాను.

మర్నాడు మా మరిదిని ఇంటికి పిలిచాను. నాకు ఒక సంగతి తేలాలి అని చెప్పాను. నేను లోపల గదిలో డమ్మీ తూటాలు ముందు పెట్టుకుని కూర్చుంటాను, నువ్వు బయట తలుపు బాదు, కేకలు పెట్టు, నిజంగా ఎవరో ఇంటి మీదికి వచ్చినట్టు. నేను ఐదు వేసి, ఖాళీ గది మీద హ్యామర్ దించగలనో లేదో చూద్దాం. అతనికి ఇది పిచ్చిపని అనిపించింది. అయినా చేశాడు. ముందు మెల్లగా బాదాడు. గట్టిగా అని లోపల్నుంచి కేకేశాను.

అప్పుడు నిజంగానే బాదాడు. తలుపు గడియ ఎగిరెగిరి పడింది. ఏయ్ తెరవ్వే అన్నాడు. అది నా మరిది గొంతని తెలుసు, అయినా నోరెండిపోయింది. తూటాలు వేళ్లలోంచి జారాయి. ఒకటి మంచం కిందికి దొర్లింది. ఒకటి వెయ్యాలి, ఒకటి వదిలెయ్యాలి, మిగతావి వెయ్యాలి, చివర్న హ్యామర్ దించాలి. డీలర్ దుకాణంలో నిదానంగా చేసినప్పుడు అందులో కష్టమేమీ లేదు. వేసి, చక్రం తిప్పి, హ్యామర్ దించి, ఆగమని చెప్పాను. అతను లోపలికొచ్చి రివాల్వర్ తీసుకుని చూశాడు. హ్యామర్ తూటా మీద ఉంది.

మళ్లీ చేశాం. ఈసారి సరిగ్గా వచ్చింది. ఇంకోసారి చేశాం, మళ్లీ తూటా మీదే. గొడవకి అత్త కర్ర పట్టుకుని గదిలోకి వచ్చేసరికి మేమిద్దరం మంచం మీద కూర్చుని ఉన్నాం. మా మరిది చేతిలో రివాల్వర్, అతని మొహం చెమటతో తడిసిపోయి ఉంది.

"పంపించేద్దాం వదినా" అన్నాడు.

పంపించాం. డీలర్ కాగితాలన్నీ చూసుకున్నాడు. అది పెట్టెలోకి వెళ్తుంటే చెక్క పిడి మీద ఒకసారి చెయ్యి వేశాను. పిడి మార్చొద్దని చెప్పమన్నాను. పిడికీ దానికీ సంబంధం లేదమ్మా, పిడి అలాగే ఉంటుందన్నాడు.

ఊళ్లో ఎవరికీ చెప్పొద్దని అనుకున్నాం. నేను రోజూ అదే తోలుసంచి భుజానికి వేసుకుని గుంటలకి వెళ్లాను. అందులో టిఫిన్ డబ్బా, తాళాలు, ఉప్పుశాతం చూసే చిన్న పరికరం. బరువు తగ్గిందని ఎవరికైనా తెలిసిపోతుందేమోనని సంచిని ఒళ్లోకి లాక్కుని పట్టుకునేదాన్ని. గట్టు మీద ఎవరి బండి శబ్దం వినిపించినా పని ఆపి అటే చూసేదాన్ని. పోర్టు వైపు లారీలు తిరిగే రోడ్డు దాటగానే మాకు మిగిలేది గుంటలు, ఉప్పుకాలువ, దూరంగా కరెంటు ప్లాంటు పొగగొట్టాలు. అరిచినా వినే దూరంలో ఎవరూ ఉండరు. మేత చల్లే పనివాళ్లు వెళ్లిపోయాక ఒక్కదాన్నే ఉండకూడదని మా మరిది అనేవాడు. కానీ రొయ్యలకి నా భయంతో పనిలేదు. వాటికి వేళకి మేత పడాలి, ఏరియేటర్లు తిరగాలి.

వానలు మొదలవకముందు ఒక సాయంత్రం, ఎండ ఇంకా ఉండగానే, నేను చెక్ ట్రే పైకి లాగి రొయ్యలు మేత తిన్నాయో లేదో చూస్తున్నాను. గట్టు మీద మూడు నీడలు పడ్డాయి. పక్క గుంటలాయన, ఆ ఇద్దరు మనుషులు. నాకూ స్కూటీకీ మధ్యలో నిలబడ్డారు.

"ఒక్కదానివే ఉండావా అక్కా?" అన్నాడు.

మా మరిది వస్తున్నాడని చెప్పాను. అబద్ధమని ఆయనకి తెలిసిపోయి ఉంటుంది. ఈసారి నవ్వలేదు. వచ్చే పంటకల్లా తేల్చాలి, తన నీళ్లదారి ఆగిపోతోంది, ఎన్నాళ్లని మర్యాదగా అడుగుతారు అన్నాడు. మాట్లాడుతూ ముందుకొచ్చాడు. నా వెనక గుంట. చెక్ ట్రే నా చేతిలోంచి జారి నీళ్లలో పడింది. ఇంకో అడుగు వేశాడు.

అప్పుడు నా కుడిచెయ్యి సంచిలోకి వెళ్లింది.

నేను ఆలోచించి పెట్టింది కాదు. చెయ్యే వెళ్లింది. వేళ్లు పిడి కోసం వెతికాయి. టిఫిన్ డబ్బా తగిలింది, తాళాలు తగిలాయి. సంచిలో రివాల్వర్ లేదని ఆ క్షణంలో నాకు గుర్తులేదు. ఉండి ఉంటే తీసేదాన్ని. తీసి ఆగేదాన్నా, ఇప్పటికీ చెప్పలేను. ఆయన నా చెయ్యి చూశాడు. ఆయన మొహంలో రంగు పోయింది. వెనకున్న ఇద్దరూ రెండడుగులు వెనక్కి వేశారు. వాళ్లలో చిన్నవాడికి మా అమ్మాయి వయసుంటుంది. వాడు రెండు చేతులూ ఎత్తి గుండెకి అడ్డంగా పెట్టుకున్నాడు, ఆ చేతులు తూటాని ఆపుతాయన్నట్టు.

ఏరియేటర్లు తిరుగుతున్న చప్పుడు ఒక్కటే. చివరికి నేనే నోరు తెరిచాను.

"నేను ఇవ్వను. నా మీదికి రావద్దు. కొలతలు వేయించుకుందాం, నీళ్లకి దారి ఎక్కడ ఇయ్యాలో ఆఫీసోళ్లు చెప్తారు. అంతే."

ఆయన తిరిగి వెళ్లిపోయాడు. వాళ్ల బండ్లు రోడ్డెక్కేదాకా చూసి, గట్టు మీదే కూర్చుండిపోయాను. చెయ్యి ఇంకా సంచిలోనే ఉంది. బయటికి తీసి చూసుకున్నాను. వాళ్లు నన్నేమైనా చేసి ఉండేవాళ్లేమో అన్న భయం అప్పటికి వెనక్కి పోయింది. రివాల్వర్ ఫ్యాక్టరీకి వెళ్లకుండా ఉంటే నా ఎదుట ఆ పిల్లవాడు పడి ఉండేవాడేమో అన్నదే తలలో తిరిగింది.

ఈ సంగతి మా మరిదికి చెప్పాను. వాళ్లు వచ్చారని చెప్పినప్పుడు కోపంతో లేచాడు. నా చెయ్యి సంగతి చెప్పేసరికి కూర్చున్నాడు. మర్నాడు ఇద్దరం తహసీల్దారు ఆఫీసులో సర్వేకి దరఖాస్తు పెట్టాం, స్టేషన్‌లో ఫిర్యాదు రాసిచ్చాం. అవి అంత త్వరగా కదలలేదు. కదిలే దాకా మా మరిది గాని, అతని భార్య గాని నాతో గట్టు మీద ఉండేవాళ్లు. మా తోడికోడలు కుట్టుమిషన్ మీద ఉన్న పని వదిలి వచ్చి, మేత గది నీడలో కూర్చునేది. ఆమెకీ భయమే. ఇద్దరం భయపడుతూ కబుర్లు చెప్పుకునేవాళ్లం.

రివాల్వర్ తిరిగొచ్చిందని డీలర్ ఫోన్ చేసినప్పుడు అత్త కూడా వస్తానంది. ముగ్గురం నెల్లూరు వెళ్లాం. డీలర్ మందు తీసేసి, దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే వెనక టోపీ మాత్రం ఉన్న తూటా ఒకటి గదిలో పెట్టి, హ్యామర్ దాని మీదికి దించి, చెక్క సుత్తితో హ్యామర్ వెనక కొట్టి చూపించాడు. కొట్టబోతుంటే నేను అత్త చెవులు మూశాను. ఏమీ పేలలేదు. రెండోసారి ఇంకా గట్టిగా కొట్టాడు. ఏమీ కాలేదు. తర్వాత మమ్మల్ని దూరంగా నిలబెట్టి, ఇసుక పెట్టెలోకి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కాడు. టప్పుమంది. పాత భాగాలున్న కవరు నా చేతికిచ్చాడు. చిన్న చిన్న ఇనుప ముక్కలు, గోరంత, వేలంత. వాటిలో ఏది మా అత్త చెవి పక్కనుంచి పోయిన దెబ్బకి కారణమో అడగలేదు.

"ఇప్పుడు కింద పడినా పేలదు గదా?" అని అత్త అడిగింది.

"పేలదమ్మా" అన్నాడు డీలర్.

"మనం పేలిస్తే?"

"పేలుతుంది."

అత్త నా వైపు చూసింది. గట్టు మీద జరిగింది నేను ఆమెకి చెప్పలేదు. మా మరిది చెప్పాడో, లేక ఇంట్లో గుసగుసలు ఆ మందం చెవులకి కూడా పడ్డాయో. "అమ్మే, దీన్ని ఇక్కడే పెట్టుకోమని చెప్పు. వీళ్లకి గ్రిల్లు ఉండాది" అంది.

లైసెన్సు ఉన్న ఆయుధాన్ని డీలర్ దగ్గర భద్రంగా పెట్టుకోవచ్చని నాకు అప్పుడే తెలిసింది. అడిగితే ఆయన సరేనన్నాడు. రసీదు రాశాడు. ఒకసారి చేతిలోకి తీసుకుని చూస్తానన్నాను. పిడి అలాగే ఉంది. ట్రిగ్గర్ మీద వేలు పెడితే బిగువుగా ఉంది, కొత్త మనిషి చెయ్యిలాగా. ఇచ్చేశాను.

బస్సులో తిరిగొస్తూ తప్పు చేశానేమోనని దారంతా మథనపడ్డాను. ఇన్నాళ్లూ సంచి చూసి ఆగినవాళ్లు ఇక ఆగుతారా? ఫ్యాక్టరీ నుంచి బాగుపడి వచ్చిన దాన్ని ఇంటికి తెచ్చుకోకపోతే పంపి ఏం లాభం? వెనక్కి వెళ్లి తెచ్చుకుందామా అని ముత్తుకూరు వచ్చేదాకా రెండు మూడుసార్లు లేవబోయాను. అత్త నా చెయ్యి పట్టుకుని కునికిపాట్లు పడుతోంది. ఆమెని లేపలేక కూర్చున్నాను.

సర్వే వాళ్లు చివరికి వచ్చారు. గట్టు మాదేనని తేల్చి రాళ్లు పాతారు. నీళ్లదారి కోసం పక్కనుంచి ఒక చిన్న కాలువ విడవమన్నారు, విడిచాం. పక్క గుంటలాయన ఆ కాలువ ఒక పంటకి వాడుకున్నాడు. తర్వాతి పంటకి తెల్లమచ్చ తెగులొచ్చి ఆయన గుంటలన్నీ దెబ్బతిన్నాయి, మావి కూడా సగం పోయాయి. ఆయన లీజు వదులుకుని వెళ్లిపోయాడు. ఇప్పుడు ఆ గుంటలు చేసేది ఇక్కడి వాళ్లే, భార్యాభర్తలు. పొద్దున గట్టు మీద కనిపిస్తే నీళ్లెలా ఉన్నాయని పలకరించుకుంటాం.

లీజు వదిలి వెళ్లిన ఆ పక్క గుంటలాయన్ని మొన్న నెల్లూరులో మేత అమ్మే దుకాణం దగ్గర చూశాను. ముందుగా ఆయనే నన్ను చూశాడు. ఆయన చూపు నా భుజం మీది సంచి మీదికి వెళ్లింది, తర్వాత నా కుడిచేతి మీదికి. నేను ఆ చెయ్యి బయటే, ఆయనకి కనిపించేట్టు, కౌంటరు మీద పెట్టుకుని నిలబడ్డాను. "బాగుండావా అక్కా" అన్నాడు. బాగున్నానన్నాను. మేత బస్తాలు ఆటోలో వేయించుకుని, ఆయన వెళ్లిపోయాకే బయటికొచ్చాను.